కొండరాళ్ల దారిలో నడవబోయే కుటుంబాలకు నాలుగు మాటలు

(ఓ.పి. హాలులో రోగుల బంధువులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



డాక్టరుగారి పిలుపు కోసం, ల్యాబు రిపోర్టు కోసం మీరు ఈ బెంచీల మీద గంటల తరబడి కూర్చుంటారు. ఆ సమయం వృథా పోకూడదని మేము నెలనెలా ఒక ఆరోగ్య విషయం చెబుతూ ఉంటాము. ఈసారి విషయం కొంచెం కొత్తది. సెలవులు వచ్చాయంటే మన పాతబస్తీ గల్లీల నుంచి కూడా జీపులు, మినీ బస్సులు మాట్లాడుకుని అడవులకూ కొండలకూ వెళ్లే కుటుంబాలు ఎక్కువయ్యాయి. వెళ్లే ముందు కొందరు మమ్మల్ని అడుగుతారు: "సిస్టర్, నాన్నకు స్టెంట్ వేశారు, తీసుకుపోవచ్చా?" "అమ్మకు షుగర్ ఉంది, గుట్ట ఎక్కగలదా?" అడిగి వెళ్లేవాళ్లకు ఏ భయమూ లేదు. అడగకుండా వెళ్లి, తరువాత క్యాజువాలిటీకి వచ్చేవాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

అది ఎలాంటి చోటు?

ఒక చోటును ఉదాహరణగా తీసుకుందాం. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో, వరంగల్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పాండవుల గుట్టలు ఉన్నాయి. పాండవులు అరణ్యవాసంలో ఇక్కడ తలదాచుకున్నారని చుట్టుపక్కల పల్లెల వాళ్లు చెప్పుకుంటారు. అడవి మధ్యలో నిలువెత్తు రాతిగోడలు, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలు, వాటి మధ్య ఇరుకు సందులు, గుహలు. ఆ గుహల్లో పాతకాలపు మనుషులు వేసిన బొమ్మలు ఉన్నాయని 1990లో లోకానికి తెలిసింది. అడవిదున్న, జింక, పులి, విల్లంబులు, రకరకాల గుర్తులు ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల్లో కనిపిస్తాయి. పిల్లలకు తప్పక చూపించవలసిన చోటు. చూడండి గాని చెయ్యి పెట్టకండి, పేర్లు రాయకండి. మన చేతి చెమట, జిడ్డు తగిలితే ఆ రంగు పోతుంది. పోయిన దాన్ని తిరిగి తెచ్చే మందు లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మన హైదరాబాదు వాళ్లకు బండరాళ్లు కొత్త కాదు. గోల్కొండ కోట, మౌలాలి గుట్ట అన్నీ గ్రానైటే. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయసున్న గట్టి రాయి అది. చిన్నప్పటి నుంచి దాని మీద ఎక్కి దిగిన ధైర్యంతోనే మనవాళ్లు అక్కడి రాయి మీద కూడా అడుగు వేస్తారు. కాని పాండవుల గుట్టల రాయి ఇసుకరాయి. ఇసుక రేణువులు పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి రాయి అయింది. ఎండకు, వానకు అరిగిన చోట దాని అంచులు పెళుసుగా ఉంటాయి. పైకి గట్టిగానే కనబడుతుంది, బరువు పెట్టగానే పెచ్చు ఊడుతుంది. రాలిన ఇసుక బండ మీద పరుచుకుని ఉంటే చెప్పు జారుతుంది. వాన పడితే నీరు పీల్చుకుని మరీ బలహీనపడుతుంది. కాబట్టి అంచుల మీద నిలబడి ఫొటోలు దిగడం మానాలి. చేత్తో పట్టుకునే రాయిని ముందు కదిపి చూసి పట్టుకోవాలి. వాన పడిన మర్నాడు వెళ్లకపోవడమే మేలు.

ఎవరు నడవవచ్చు, ఎవరు ఆగాలి?

నడక మంచిదే. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆసుపత్రిలో రోగి పక్కన రాత్రులు మేలుకుని అలసిన మీలాంటి వాళ్లకు నాలుగు గంటలు చెట్ల నీడన నడిస్తే మనసు కూడా తేలికపడుతుంది. కాని చదును నేల మీద నడక వేరు, గుట్ట ఎక్కడం వేరు. ఎక్కేటప్పుడు గుండె మీద భారం బాగా పెరుగుతుంది.

మీ ఇంట్లోని పెద్దవాళ్లు మామూలు వేగంతో రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కగలరా? ఎక్కినప్పుడు ఆయాసం గాని, ఛాతీలో బిగపట్టినట్టు గాని ఉంటోందా? ఉంటే గుట్ట మాట తలపెట్టవద్దు, ముందు డాక్టరుకు చూపించండి. ఈ మధ్యనే గుండెపోటు వచ్చినవారు, స్టెంట్ వేయించుకున్నవారు, ఆపరేషను అయినవారు, బి.పి. అదుపులో లేనివారు, మూర్ఛ ఉన్నవారు, నెలలు నిండుతున్న గర్భిణులు డాక్టరు అనుమతి లేకుండా బయలుదేరకూడదు. ఉబ్బసం ఉన్నవారు తమ ఇన్‌హేలరు జేబులోనే పెట్టుకోవాలి. బస్సులో వదిలేసిన బ్యాగులో ఉంటే అది లేనట్టే.

"అందరం పోతుంటే మామయ్య ఒక్కడే ఇంట్లో ఎట్లుంటడు?" అని మీకు అనిపిస్తుంది. ఆ ప్రేమ మంచిదే. ఆయనను తీసుకెళ్లండి. గుట్ట కింద నీడలో కూర్చోబెట్టండి, పక్కన ఒకరిని ఉంచండి. లేదా ఆ రోజుకు చోటే మార్చండి. వనస్థలిపురంలో మహావీర్ హరిణ వనస్థలి మనకు దగ్గర, నేల దాదాపు చదునుగా ఉంటుంది, జింకలు కనబడతాయి. పెద్దాయన మనుమల చెయ్యి పట్టుకుని నడవగలిగిన దూరమే ఆ రోజుకు సరైన దూరం.

షుగర్ ఉన్నవారికి ప్రత్యేకంగా

చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, బూటులో ఇసుక చేరి ఒరిసినా తెలియదు. ఇంటికి వచ్చిన నాలుగో రోజున పుండై, చీముపట్టి మా దగ్గరకు వస్తారు. కాబట్టి హవాయి చెప్పులతో గాని, ఉత్త కాళ్లతో గాని నడవకూడదు. కాలికి ముందే అలవాటైన బూట్లు, నూలు సాక్సులు వేసుకోవాలి. కొత్త బూట్లు ఆ రోజే మొదలుపెట్టవద్దు. మధ్యలో ఒకసారి, ఇంటికి వచ్చాక మరోసారి పాదాలు అడుగు వైపు కూడా చూడండి. వాళ్లకు వాళ్లు చూసుకోలేకపోతే మీరు చూడండి.

రెండో సంగతి. మాత్రలు, ఇన్సులిన్ తీసుకుని, టిఫిను సరిగా తినకుండా గుట్ట ఎక్కితే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం దాని గుర్తులు. వెంటనే గ్లూకోజు గాని, మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి గాని ఇవ్వాలి. పది పదిహేను నిమిషాల తరువాత కూడా కోలుకోకపోతే మరోసారి ఇచ్చి, పిదప బిస్కట్లో రొట్టెలో తినిపించాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎండ, నీళ్లు

మన తెలంగాణలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రాయి ఆ వేడిని పట్టి ఉంచుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం మేలు. పొద్దున్నే ఎక్కి, ఎండ ముదిరే లోపు దిగిపోవాలి. గుట్ట మీద మంచినీళ్లు దొరుకుతాయనుకోవద్దు. మనిషికి కనీసం రెండు లీటర్లు మోసుకెళ్లండి. దాహం అయ్యే దాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండాలి. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు ఉంచుకోండి. అవి లేకపోతే ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ గీటుగా కొలిచి కలపండి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉండి నీళ్లు కొలతగా తాగమని చెప్పినవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి.

ఎండలో ఎవరైనా మాట తేడాగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూనే 108కి ఫోను చేయండి. ఒళ్లు చల్లబరచడం అంబులెన్సు వచ్చే దాకా వాయిదా వేయవద్దు.

తేనెటీగలు

పెద్ద తేనెటీగలు రాతి చూరుల కింద తట్టలంత తేనెపట్లు పెడతాయి. పాండవుల గుట్టల్లాంటి చోట్ల తల ఎత్తి చూస్తూ నడవాలి. వాటి కింద అరుపులు, రాళ్లు విసరడం, వంట పొయ్యి, సిగరెట్టు పొగ పనికిరావు. మన పాతబస్తీ వాళ్లకు ఇంకో మాట. చార్మినార్ దగ్గర కొన్న అత్తరు పెళ్లికి పూసుకోండి, గుహకు వెళ్లేటప్పుడు వద్దు. ఘాటైన వాసన ఈగలను రేపుతుంది.

ఈగలు లేస్తే చేతులు విసురుతూ నిలబడకండి. ముఖం కప్పుకుని, పిల్లలను తీసుకుని, కాలు జారకుండా చూసుకుంటూ దూరంగా పోండి. ముల్లు ఒంట్లో ఉన్నంతసేపూ విషం దిగుతూనే ఉంటుంది, కాబట్టి గోటితోనో దేనితోనో వెంటనే తీసేయాలి. పెదవులు, నాలుక వాయడం, గొంతు పట్టేయడం, ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం కనిపిస్తే నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తేవాలి. చాలా ఈగలు కుట్టినవారు ఆ పూట బాగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించుకోవాలి. తరువాత కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

పాము కాటు

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కొంచెం శ్రద్ధగా వినండి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని పరిశోధకులు లెక్క తేల్చారు. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024లో ఒక జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ఆ సగం తగ్గడం మందు ఒక్కదాని వల్ల కాదు, మొదటి గంటలో ఇంటివాళ్లు చేసే పని వల్ల కూడా అవుతుంది.

మన దగ్గర ఎక్కువగా ప్రాణం తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి. బండల సందులు, ఎండుటాకుల కుప్పలు వాటి ఇళ్లు. కనిపించని చోట చెయ్యి పెట్టవద్దు, కూర్చునే ముందు కర్రతో తట్టండి, చీకటి పడితే టార్చి వేయండి. గుడారంలో పడుకునే కుర్రవాళ్లు కట్లపామును గుర్తుంచుకోవాలి. అది రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, నొప్పి తెలియకపోవచ్చు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం కనబడితే పాము అని అనుమానించాలి.

కరిస్తే ఏం చేయాలి? మనిషిని పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, వాచీ, బూట్లు వెంటనే తీసేయండి, వాపు వస్తే అవే బిగుసుకుపోతాయి. ఎముక విరిగిన కాలికి కట్టినట్టు కర్ర ఆసరా పెట్టి, గుడ్డతో వదులుగా కట్టి, ఆ కాలు గాని చెయ్యి గాని కదలకుండా చూడండి. నడిపించకుండా మోసుకురండి. పామును చంపి తేవలసిన పని లేదు, దాని వెంటబడితే రెండో మనిషిని కరుస్తుంది.

ఏం చేయకూడదు? తాడు బిగించకూడదు. కోయకూడదు. నోటితో పీల్చకూడదు. పసరు పూయకూడదు. మంత్రం వేయించడానికి దారిలో ఆగకూడదు.

మా వార్డులో చూసిన ఒక సంగతి చెబుతాను. చుట్టాల ఊరికి వెళ్లిన ఒక పిల్లవాడిని పింజరి కరిచింది. మోకాలి కింద కొబ్బరితాడు బిగించి, నాటువైద్యుడి దగ్గర మూడు గంటలు ఉంచి తెచ్చారు. దేవుని దయవల్ల బతికాడు గాని, రక్తం ఆడక కాలివేళ్లు రెండు తీసేయవలసి వచ్చింది. ఆ తండ్రి "మంచికే కట్టినం కదా సిస్టర్" అని ఏడ్చాడు. నిజమే, ప్రేమతోనే కట్టాడు. ఆ ప్రేమకు తోడు ఈ నాలుగు విషయాలు తెలిసి ఉంటే ఆ పిల్లవాడి వేళ్లు మిగిలేవి. అందుకే ఈ మాట ఇంటికి వెళ్లి మరో పది మందికి చెప్పండి.

ఆసుపత్రిలో మేము చేసే పనులు చూసి మీకు అనుమానాలు వస్తాయి, అవి కూడా తీరుస్తాను. కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా పెడతాము. గడ్డకట్టకపోతే విషం రక్తంలో పనిచేస్తోందని అర్థం. ఈ పరీక్ష మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది, "ఎందుకింత రక్తం తీస్తున్నారు" అని కోపగించుకోకండి. విరుగుడు మందు నాలుగు పాములకూ ఒకటే. పిల్లలకు కూడా పెద్దవాళ్లతో సమానంగానే ఇస్తారు, ఎందుకంటే పాము పిల్లవాడని చూసి తక్కువ విషం ఎక్కించదు. ఆ మందు కొందరికి పడకపోవచ్చు, అందుకే పక్కనే నిలబడి చూస్తూ ఎక్కిస్తాము. విషం లక్షణాలు ఏవీ కనబడకపోయినా 24 గంటలు ఉంచుతాము. "బాగానే ఉన్నాడు, ఇంటికి తీసుకుపోతాం" అని సంతకం పెట్టి వెళ్లకండి.

గుహలు, కోతులు, పురుగులు

గుహ లోపలికి లోతుగా వెళ్లవద్దు. పగటిపూట ఎలుగుబంట్లు ఇలాంటి రాతి గుహల్లోనే పడుకుంటాయి. ఒంటరిగా పోకుండా, స్థానికుడిని తోడు తీసుకుని, మాట్లాడుకుంటూ నడవండి. గబ్బిలాలను ముట్టుకోవద్దు, వాటి రెట్ట దుమ్ము రేపవద్దు. కోతులకు తిండి చూపించవద్దు. కోతి గాని, కుక్క గాని కరిచినా, గీరినా ధారగా పడే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. కారం, సున్నం పెట్టవద్దు. రేబిస్ వచ్చాక బతకడం దాదాపు లేదు, రాకుండా ఆపడం మాత్రం మన చేతిలో ఉంది.

పొదల్లో కంటికి సరిగా ఆనని చిన్న పురుగులు ఉంటాయి. వాటి కాటుతో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. దోమలతో మలేరియా సంగతి మీకు తెలిసిందే. దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులోనే కనుగొన్నాడు. నిండు చేతుల చొక్కా, పొడవు ప్యాంటు వేసుకోండి. ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు ఉతకండి. తరువాత మూడు వారాల లోపు జ్వరం వస్తే "అడవికి వెళ్లి వచ్చాము" అని డాక్టరుకు తప్పక చెప్పండి. చంకలోనో, గజ్జల్లోనో, నడుము దగ్గరో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు ఉంటే చూపించండి. సిగ్గుపడి దాచవద్దు. ఆ ఒక్క మాట, ఆ ఒక్క మచ్చ చూస్తే సరైన మందు రోజుల ముందే మొదలవుతుంది.

పడిపోతే

రాళ్ల మీద నుంచి పడినవారిని పట్టుకుని లేపి కూర్చోబెట్టడం మన అలవాటు. మెడ నొప్పి, వెన్ను నొప్పి ఉన్నా, కాళ్లు చేతులు తిమ్మిరెక్కినా అలా లేపకూడదు. ఉన్నచోటే కదలకుండా ఉంచి సాయం పిలవండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ పెట్టి వదలకుండా గట్టిగా అదమండి. పసుపు, కాఫీపొడి చల్లవద్దు. తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు ఉంటే వెంటనే ఆసుపత్రికి తేవాలి.

బయలుదేరే ముందు

ఒక కాగితం మీద ఈ వివరాలు రాసి జేబులో పెట్టుకోండి: ఎవరికి ఏ జబ్బు ఉంది, ఏ మందులు వాడుతున్నారు, ఏ మందు పడదు, ఇంటి ఫోను నంబరు. వెళ్లే చోటికి దగ్గరి ఆసుపత్రి ఏదో ముందే కనుక్కోండి. పాండవుల గుట్టలకైతే ఒకవైపు భూపాలపల్లి, మరోవైపు పరకాల, పెద్ద అవసరానికి వరంగల్ ఎం.జి.ఎం. ఉన్నాయి. పాము విరుగుడు మందు దగ్గరలో ఎక్కడ ఉందో బయలుదేరే ముందే అడగండి. 108 సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది, దానికి డబ్బు కట్టనవసరం లేదు. గుట్టల మధ్య ఫోను సిగ్నలు అందకపోవచ్చు, కాబట్టి సిగ్నలు చివరిసారి ఎక్కడ వచ్చిందో గుర్తుపెట్టుకోండి. ఎప్పుడు తిరిగి వస్తారో ఇంటి దగ్గర ఒకరికి చెప్పి వెళ్లండి. నీళ్లు, ఓ.ఆర్.ఎస్., టార్చి, దూది, కట్టు గుడ్డ, రోజువారీ మందులు ఒక సంచిలో వేసుకోండి.

నడిచేటప్పుడు అందరికన్నా మెల్లగా నడిచే మనిషిని ముందు పెట్టండి, మిగతావాళ్లు ఆయన వెనుక నడవండి. అలా అయితే ఎవరూ వెనకబడిపోరు, ఆయాసం ఎవరికి వచ్చినా వెంటనే కనబడుతుంది. ఇంట్లో రోగి ఉన్న కుటుంబానికి ఈ పద్ధతి ఎలాగూ అలవాటే.

వెళ్లి రండి, పిల్లలకు ఆ రాతి బొమ్మలు చూపించండి. వెళ్లినంతమందీ క్షేమంగా ఇంటికి చేరాలని కోరుకుంటున్నాను. అనుమానం ఉన్నవారు ఇప్పుడే అడగవచ్చు. లోపల పిలుపు వచ్చినవారు వెళ్లి, చూపించుకుని వచ్చి అడిగినా సరే, నేను ఇక్కడే ఉంటాను.